యూజర్ ఆగిపోయిన చోట మోడరేటర్ నోరు విప్పవచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నాలుగు పేజీలది. పేరు వెల్లడించవద్దని కోరిన ఆ పాఠకురాలు ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో నాలుగేళ్లుగా డిజైనర్‌గా పనిచేస్తున్నారు. ఏడాదిగా యూజబిలిటీ టెస్టింగ్ సెషన్లకు, అంటే వాడేవారి చేతికి యాప్ ఇచ్చి ఎక్కడ తడబడతారో చూసే పరీక్షలకు, మోడరేటర్‌గా పక్కన కూర్చుని నడిపించే బాధ్యత కూడా ఆమెదే. వాళ్ల బృందం తయారుచేస్తున్నది వైద్యుల అపాయింట్‌మెంట్లు తీసుకునే యాప్. పోయిన నెల ఆరుగురు యూజర్లతో, ఒక్కొక్కరితో గంటసేపు, సెషన్లు జరిపారు. మూడో సెషన్‌కు వచ్చినావిడకు యాభై ఏళ్లు దాటి ఉంటాయి. ఇదివరకే తీసుకున్న అపాయింట్‌మెంట్‌ను మరో తేదీకి మార్చుకోవడం ఆవిడకు ఇచ్చిన టాస్క్. తేదీ మార్చే ఆప్షన్ స్క్రీన్ పైభాగాన కుడివైపు మూడు చుక్కల వెనుక ఉంది. ఆవిడ ఏడు నిమిషాలపాటు ఆ స్క్రీన్‌ను కిందికీ పైకీ జరుపుతూ, రెండుసార్లు మొదటి పేజీకి వెళ్లి వస్తూ వెతికి, చివరికి "తప్పు నాదేనమ్మా, నాకే ఇవి సరిగ్గా రావు" అంటూ ఫోన్ బల్ల మీద పెట్టేశారు. ఆవిడ చేతులు వణుకుతున్నాయి. చూస్తూ ఉండలేక మన పాఠకురాలు "పైన మూడు చుక్కలున్నాయి, ఒకసారి నొక్కి చూడండి" అన్నారు. ఆవిడ నొక్కారు, అర నిమిషంలో పని పూర్తయింది. సెషన్లన్నీ ముగిశాక ప్రొడక్ట్ మేనేజర్ ఆ టాస్క్ ఎదుట "ఆరుగురికి ఆరుగురూ పూర్తిచేశారు" అని రాసుకున్నారు.

మూడో సెషన్ చూసిన ఒక సీనియర్ సహోద్యోగి "నువ్వు మోడరేటర్‌వా, ట్యూషన్ టీచర్‌వా?" అని మందలించడంతో, ఐదో సెషన్‌లో ఆమె పెదవి విప్పకూడదని నిశ్చయించుకున్నారు. ఆ రోజు వచ్చిన యువకుడు ఫీజు చెల్లించే స్క్రీన్ దగ్గర ఆగి "ఇది నొక్కితే నిజంగా డబ్బు పోతుందా అండీ?" అని అడిగితే "నేను చెప్పకూడదండీ" అన్నారు. అప్పటినుంచి అతను మనసులో మాట పైకి చెప్పడం మానేశాడు. చివర్లో "అంతా బాగుందండీ" అని హడావుడిగా వెళ్లిపోయాడు. వీటికి తోడు ప్రొడక్ట్ మేనేజర్ సెషన్లు జరిగే గదిలోనే వెనుక కుర్చీలో కూర్చుంటారు. ఒకసారి ఉండబట్టలేక "అది అక్కడే ఉంది కదండీ" అని యూజర్‌తోనే అనేశారు. సోమవారం నివేదిక పైవాళ్లకు వెళ్లాలి. "నేను మాట్లాడింది తప్పా, మాట్లాడకపోవడం తప్పా? ఆ 'ఆరుగురికి ఆరుగురూ' అన్న మాటను ఏం చేయాలి? అసలు ఈ పని నాకు తగినదేనా?" అన్నవి ఆమె ప్రశ్నలు. ఉత్తరం చివర, ఏదో గుర్తొచ్చినట్టుగా, ఆ మూడు చుక్కల మెనూ తాను రూపొందించినదేనని ఒక్క వాక్యం రాశారు.

మీరు ఆ రెండు సెషన్లనూ ఎదురెదురుగా నిలబెట్టి, ఒకటి తప్పయితే రెండోది ఒప్పు కావాలన్నట్టుగా అడిగారు. నాకు మాత్రం రెండింటిలోనూ ఒకే లోటు కనిపిస్తోంది. యూజర్ ఆగిపోతే ఎంతసేపు చూడాలి, ఆ తరువాత ఏమనాలి, అన్నది ఎక్కడ రాసుకోవాలి అన్న మూడు సంగతులు సెషన్లకు ముందే తేల్చుకోలేదు. అందువల్ల మూడో సెషన్‌లో జాలి మీ చేత మాట్లాడించింది, ఐదో సెషన్‌లో భయం మీ నోరు కట్టేసింది. మోడరేటర్ మాట్లాడటం నేరం కాదు. ఆ మాట లెక్కలోకి రాకుండా పోవడమే అసలు నష్టం. మీరు ఆవిడకు అందించిన సాయం ఆ గదిలో ఆవిడ ఒక్కరికే అందింది. రేపు అదే స్క్రీన్ ముందు ఒంటరిగా కూర్చునేవారికి మీరు పక్కన ఉండరు. వాళ్ల తరఫున సాక్ష్యం చెప్పగలిగినవి ఆవిడ వెతికిన ఆ ఏడు నిమిషాలే.

ముందుగా గడువున్న విషయం, అంటే నివేదిక సంగతి చూద్దాం. మీ ముందు మూడు దారులున్నాయి. ఆ వాక్యాన్ని అలాగే ఉంచేయవచ్చు. అప్పుడు గొడవ ఉండదు, కానీ తేదీ మార్చే పని సాఫీగా ఉందని బృందమంతా నమ్మి ముందుకు సాగిపోతుంది, ఇక ఆ స్క్రీన్‌ను ఎవరూ మళ్లీ తెరిచి చూడరు. ఆవిడ సెషన్‌ను విఫలమైనట్టు లెక్కవేయవచ్చు. అది సత్యానికి దగ్గరే, కానీ మెనూ తెరుచుకున్నాక ఆవిడ మిగతా పని అర నిమిషంలో చేశారన్న విలువైన సమాచారం అందులో మునిగిపోతుంది. మూడోది, "సొంతంగా పూర్తిచేశారు", "సాయంతో పూర్తిచేశారు", "పూర్తిచేయలేదు" అని మూడు గడులు పెట్టి, ఆవిడను రెండో గడిలో చేర్చి, పక్కన ఎన్నో నిమిషంలో సరిగ్గా ఏ మాటలతో సాయం అందిందో రాయడం. మీ స్థానంలో నేనుంటే మూడోదే చేస్తాను. దానివల్ల మీ తొందరపాటు మీ చేతిరాతతోనే బయటపడుతుందన్నది నిజం. కానీ నివేదికలో అలాంటి వరుస ఒకటి ఉంటే, మిగతా వరుసలను కూడా జనం నమ్ముతారు.

అయితే ఆ పట్టిక నింపేముందు మిగిలిన ఐదు రికార్డింగులు కూడా మళ్లీ వినండి. మాటతో చేసిన సాయం ఒక్కటే సాయం కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో బెర్లిన్‌లో విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే ఆయన దగ్గర హాన్స్ అనే గుర్రం ఉండేది. లెక్క అడిగితే డెక్కతో నేలను తట్టి జవాబు చెప్పేది. ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు దాన్ని ఓపికగా పరీక్షించి, 1907లో అసలు సంగతి బయటపెట్టాడు. సరైన అంకె దగ్గరకు రాగానే అడిగినవాడి తల, ఒళ్లు తనకే తెలియనంత స్వల్పంగా కదిలేవి, గుర్రం ఆ కదలిక చూసి ఆగేది. అడిగేవాడికే జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలిసేది కాదు. గుర్రమే కనిపెట్టగలిగిన కదలికను మనిషి కనిపెట్టలేడా? యూజర్ వేలు సరైన బటన్ దగ్గరకు వెళ్లినప్పుడే మీరు పెన్ను అందుకుంటే, తప్పు చోటికి వెళ్లినప్పుడు ఊపిరి బిగబట్టి ముందుకు వంగితే, అవి కూడా సైగలే. అందుకే మోడరేటర్ యూజర్‌కు ఎదురుగా కాక పక్కన కాస్త వెనుకగా కూర్చోవడం, నోట్స్ రాసే పని మరొకరికి అప్పగించడం మేలు. రాయక తప్పకపోతే, ఏమీ జరగనప్పుడు కూడా ఏదో ఒకటి రాస్తూనే ఉండండి. అప్పుడు పెన్ను కదలికకు అర్థం వెతకడం కుదరదు.

ఒక్క సాయానికి ఇంత పట్టింపు అవసరమా అని మీ మేనేజర్ అడగవచ్చు. సెషన్ల సంఖ్య చిన్నది కనుకనే అవసరం. 1993లో యూజబిలిటీ పరిశోధకులు జేకబ్ నీల్సన్, థామస్ లాండవర్ చూపిన లెక్క ఈ రంగంలో అందరికీ తెలిసిందే. వారు పరిశీలించిన ప్రాజెక్టుల్లో ఒక యూజర్ ద్వారా ఒక సమస్య బయటపడే అవకాశం సగటున 31 శాతం. ఆ లెక్కన 5 మంది యూజర్లతో దాదాపు 85 శాతం సమస్యలు కనిపిస్తాయి. దాన్ని ఆసరాగా చేసుకునే మనం ఐదారుగురితో సరిపెట్టుకుంటున్నాం. కానీ 31 శాతం అన్నది సగటు మాత్రమే. పదిమందిలో ఒక్కరికి మాత్రమే ఎదురయ్యే ఇబ్బంది 5 మందిలో కనీసం ఒక్కరి దగ్గరైనా కనిపించే అవకాశం 41 శాతమే. అంటే అలాంటి ఇబ్బంది మన ఎదుట బయటపడకపోయే అవకాశమే ఎక్కువ. బయటపడిన ఆ ఒక్కసారి కూడా మనం చేయి అందించి, దాన్ని లెక్కలోంచి తీసేస్తే ఇక అది దొరకదు. ఇదే కారణంతో ఆరుగురి ఫలితాన్ని శాతాల్లో రాయవద్దని కూడా చెబుతాను. "ఆరుగురిలో ఐదుగురు" అని రాస్తే చదివేవారికి ఆ సంఖ్య ఎంత చిన్నదో కనిపిస్తుంది, "83 శాతం" అని రాస్తే కనిపించదు.

ఇక మౌనం విషయం. యూజర్ తన ఆలోచనను పైకి చెబుతూ పనిచేసే పద్ధతికి, అంటే మనం థింక్ అలౌడ్ అని పిలుచుకునేదానికి, పునాది వేసినవారు మనిషి ఆలోచనా తీరును పరిశోధించిన ఆండర్స్ ఎరిక్సన్, హెర్బర్ట్ సైమన్. 1980లోనూ 1984లోనూ ప్రచురించిన రచనల్లో వాళ్లు గట్టి నియమాలు పెట్టారు. చెప్పేవాడు మాట ఆపితే "చెబుతూ ఉండండి" అని గుర్తుచేయడం తప్ప పరిశోధకుడు కలగజేసుకోకూడదన్నారు. మీ సీనియర్ మాటల వెనుక ఉన్నది ఈ నియమమే. కానీ వాళ్లు అధ్యయనం చేసింది మనిషి ఎలా ఆలోచిస్తాడన్నది, యాప్ ఎలా పనిచేస్తుందన్నది కాదు. 2000లో టెడ్ బోరెన్, జూడిత్ రామీ ఈ తేడాను ఎత్తిచూపారు. యూజబిలిటీ సెషన్‌లో మాట్లాడేవారికి వినేవారు ఒకరున్నారన్న స్పృహ ఉంటుందనీ, వినేవారు బొత్తిగా స్పందించకపోతేనే ఆ సంభాషణ అసహజమవుతుందనీ వారి వాదన. మనకు దీన్ని వేరే చెప్పనక్కరలేదు. కథ వినేవాడు ఊఁ కొట్టడం ఆపితే చెప్పేవాడు ఆగిపోతాడని చిన్నప్పటినుంచీ ఎరుగుదుం.

ఊఁ కొట్టడంలోనే కొంత నేర్పు కావాలి. స్వరం మారకుండా, పొడిగించకుండా అనే "ఊఁ"కు "వింటున్నాను" అని మాత్రమే అర్థం. అదే ఊకారాన్ని చివర పైకి లేపితే "నిజంగానా?" అన్న సందేహమవుతుంది. సాగదీసిన "ఆఁ" చాలామందికి "అవును, అదే" అన్నట్టు వినిపిస్తుంది. "కరెక్ట్", "వెరీ గుడ్", "సూపర్" అన్నవి మార్కులు వేయడమే. సరైన అడుగుకు ఒకసారి "గుడ్" అన్నారంటే, తరువాతి అడుగుకు ఆ మాట రాకపోవడమే "తప్పు" అని చెప్పినట్టు. రికార్డింగ్ వింటున్నప్పుడు మీ ఊకారాలు ఒక్కొక్కటీ ఎలా పలికాయో గమనించండి, మీకే ఆశ్చర్యం కలుగుతుంది.

ఆ యువకుడి ప్రశ్న దగ్గరకు వస్తాను, ఎందుకంటే మీ ఆరు సెషన్లలోనూ అత్యంత విలువైన వాక్యం అదే అని నా అభిప్రాయం. "ఇది నొక్కితే నిజంగా డబ్బు పోతుందా?" అని అడిగిన మనిషి, ఆ బటన్ మీద ఉన్న మాటలు తనకు ధైర్యం ఇవ్వలేదని చెబుతున్నాడు. "నేను చెప్పకూడదండీ" అన్నప్పుడు మీరు అబద్ధం ఆడలేదు, నియమమూ తప్పలేదు. కానీ ఆ మాటతో, ఇక్కడ తనకు తెలియని నిబంధనలేవో ఉన్నాయనీ, తాను అడగరానిది అడిగాననీ అతనికి అనిపించి ఉంటుంది. అతని మాటనే అతనికి తిరిగి అందించవచ్చు: "డబ్బు పోతుందా అని..." అంటూ ఆగితే చాలు, చాలామంది మిగతా వాక్యం తామే పూర్తిచేస్తారు. లేదా "నొక్కితే ఏం జరుగుతుందని అనుకుంటున్నారు?" అని అడగవచ్చు. కానీ దీనికీ ఒక హద్దుంది. ప్రతి ప్రశ్నకూ "మీకేమనిపిస్తోంది?" అంటూ పోతే నాలుగో ప్రశ్నకల్లా యూజర్ తనను ఆటపట్టిస్తున్నారని అనుకుంటారు, ఇక అడగడం మానేస్తారు. దానికి విరుగుడు సెషన్ మొదట్లోనే ఉంది. "మధ్యలో మీకు సందేహాలు వస్తాయి, అవన్నీ పైకి అడగండి. నేను అప్పటికప్పుడు జవాబు చెప్పకపోవచ్చు, ఎందుకంటే నేను లేనప్పుడు మీరేం చేస్తారో మాకు తెలియాలి. కానీ అన్నీ రాసుకుని చివర్లో ఒక్కొక్కటికీ జవాబిస్తాను" అని ముందే మాట ఇచ్చి, చివర్లో ఆ మాట నిలబెట్టుకోవాలి. ఇంకొకటి కూడా ఉంది. నిజంగా డబ్బు పోతుందేమోనన్న భయం ప్రోటోటైప్ (పరీక్ష కోసం చేసిన నమూనా యాప్) గురించి కాక తన సొంత కార్డు గురించి అయితే, జవాబు దాచకూడదు. టెస్టు కోసం పెట్టిన ఉత్తుత్తి కార్డు వివరాలని ముందే చెప్పి ఉండాలి.

అలాగే "ఎందుకు" అన్న మాటను వీలైనంత తగ్గించమని సలహా ఇస్తాను. "ఎందుకలా నొక్కారు?" అంటే మన భాషలో సగం నిలదీయడమే. పైగా మనిషి తాను చేసిన పనికి అసలు కారణం తనకే తెలియకపోయినా నమ్మదగిన కారణం ఒకటి అల్లి చెబుతాడని రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ 1977లోనే చూపించారు. "ఏం చూసి అది నొక్కారు?", "అక్కడ ఏముంటుందనుకున్నారు?" అని అడిగితే నిలదీసినట్టూ ఉండదు, కల్పనకు తావూ తగ్గుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు, అంటే ఆవిడ ఫోన్ బల్ల మీద పెట్టేసిన క్షణం. అక్కడ మీరు మూడు చుక్కల పేరెత్తకుండా "ఇంట్లో ఒక్కరే ఉండగా ఇలా జరిగితే ఇప్పుడేం చేసేవారు?" అని అడిగి ఉంటే ఏం వినేవారో ఊహించండి. ఆసుపత్రికి ఫోన్ చేస్తాననేవారేమో, ఇంట్లోవాళ్లను అడుగుతాననేవారేమో. ఉన్న అపాయింట్‌మెంట్ రద్దుచేసి కొత్తది తీసుకుంటానని కూడా అనేవారేమో. ఈ చివరిదే అయితే ఆవిడ చేతిలో ఉన్న సమయాన్ని పోగొట్టుకుని, కొత్త సమయం దొరకక వైద్యం ఆలస్యమయ్యే ప్రమాదం కూడా ఉంది. మెనూ ఎక్కడుందో వెతకలేకపోవడం చిన్న అసౌకర్యమా, పెద్ద హానికి దారితీసే లోపమా అన్నది ఆ ఒక్క జవాబుతో తేలేది. మీరు ఇచ్చిన సూచన వల్ల పోయినది ఆ జవాబు.

ఆ ప్రశ్న అడిగాక కూడా మీకు దారులున్నాయి. అక్కడితో ఆ టాస్క్ ముగించి, "ఇది చాలండీ, మాకు కావలసింది తెలిసింది" అని తరువాతి టాస్క్‌కు వెళ్లవచ్చు. ఆవిడకు ఊరట కలుగుతుంది, కానీ తేదీలు ఎంచుకునే స్క్రీన్లు ఆవిడ చేతుల్లో ఎలా నడుస్తాయో మీరు చూడలేరు. ఆ స్క్రీన్లు చూడటం ముఖ్యమైతే సాయం చేయవచ్చు, అయితే మెట్లుమెట్లుగా. ముందు టాస్క్ కాగితాన్ని మళ్లీ చదవమనడం, తరువాత "ఈ స్క్రీన్‌లో ఇంకా చూడని చోటు ఏదైనా ఉందా?" అనడం, చివరికే చోటు చూపడం. ఏ మెట్టు దాకా వెళ్లారో నోట్స్‌లో ఉండాలి. సాయానికి మరో పర్యవసానం కూడా ఉంది, మీరు గమనించారో లేదో. ఒకసారి మూడు చుక్కలు చూపించాక, ఆ తరువాతి టాస్కుల్లో అదే మెనూ వచ్చినప్పుడు ఆవిడ సునాయాసంగా నొక్కి ఉంటారు. అవి ఆవిడ కనుగొన్నవి కావు, మీరు నేర్పినవి. మూడో సెషన్‌లో ఆ టాస్క్ తరువాత వచ్చినవాటన్నింటినీ ఈ దృష్టితో మళ్లీ చూడండి. ఎన్ని నిమిషాలు ఆగాలన్నదానికి అందరికీ సరిపోయే అంకె లేదు. అసలు సెషన్లకు ముందు ఒక పైలట్ సెషన్, అంటే రిహార్సల్ లాంటిది, జరిపితే మీ టాస్కులకు సరిపడే హద్దు తెలుస్తుంది. అదే దారిలో మూడోసారి తిరగడం నాకు గడియారం కంటే నమ్మకమైన గుర్తు.

టాస్క్ ఎలా రాశారో మీరు చెప్పలేదు. "అపాయింట్‌మెంట్‌ను రీషెడ్యూల్ చేయండి" అని రాసి, మెనూలోనూ అదే మాట ఉంటే, సొంతంగా పూర్తిచేసినవారు కూడా ఆ మాటను వెతికి పట్టుకున్నారేమో. "ఆ రోజు మీరు ఊళ్లో ఉండరని ఇప్పుడే తెలిసింది. ఏం చేస్తారు?" అని రాస్తే సరిపోతుంది.

ఆవిడ "తప్పు నాదేనమ్మా" అన్న మాట మిమ్మల్ని ఎంత కలచివేసిందో మీ అక్షరాల్లోనే కనిపిస్తోంది. అలా కలత చెందగలగడం ఈ పనికి అర్హతే గాని లోపం కాదు. నేను ఈ పనిలో కొత్తగా ఉన్న రోజుల్లో, నియమం తప్పకూడదన్న పట్టుదలతో ఒక పెద్దాయన ఒకే టాస్క్ మీద ఇరవై నిమిషాలు అవస్థపడుతుంటే చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆయన వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "మీ సమయం వృథా చేశాను, ఏమనుకోకండి" అన్నారు. ఆ నివేదికలో ఏం రాశానో నాకిప్పుడు గుర్తులేదు, ఆ మాట మాత్రం మరపు రాలేదు. మొదటి అయిదు నిమిషాల తరువాత ఆయన్నుంచి నేను కొత్తగా తెలుసుకున్నది ఏమీ లేదు. మిగతా పదిహేను నిమిషాలూ ఆయన ఊరికే బాధపడ్డారు.

కాబట్టి యూజర్ బాధకూ సమాచారానికీ మధ్య పోటీ వస్తే బాధను ఆపడమే ముందు, అందులో రెండో ఆలోచన లేదు. ఎప్పుడైనా ఆపి వెళ్లిపోవచ్చనీ, టాస్కులు పూర్తయినా కాకపోయినా ఇస్తామన్న పారితోషికం ఇస్తామనీ సమ్మతిపత్రంలో ఉండటం చాలదు, నోటితో కూడా చెప్పాలి. కానీ ఓదార్పు మాటల ఎంపికలో జాగ్రత్త అవసరం. "మీకు వస్తుందండీ, ప్రయత్నించండి" అంటే రాకపోవడం తన లోపమన్న నమ్మకం బలపడుతుంది. "అది కనిపించని చోట పెట్టాం" అంటే అదొక సూచన అవుతుంది. "మీరు ఆగిన చోటే మేం తెలుసుకోవలసిన చోటు. ఇది మీకు కష్టంగా ఉందంటే ఇంకా చాలామందికి కష్టంగా ఉంటుంది. అది చెప్పేందుకే మిమ్మల్ని పిలిచాం" అంటే అందులో అబద్ధం లేదు, దారి చూపడమూ లేదు. టాస్క్ ముగిశాక అసలు ఆప్షన్ ఎక్కడుందో చూపించి, "ఇది ఎక్కడుంటే మీకు దొరికేది?" అని అడగండి. తలదించుకున్న మనిషి ఆ ప్రశ్నతో సలహాదారు అవుతారు. ఆ మార్పును నేను చాలాసార్లు కళ్లారా చూశాను.

ప్రొడక్ట్ మేనేజర్‌ను గదిలోంచి పంపేయాలని మీకు అనిపించడం సహజం. పక్క గదిలో స్క్రీన్ మీద చూసే ఏర్పాటు చేస్తే యూజర్ మీద ఒత్తిడి తగ్గుతుంది. కానీ అక్కడ ఆయన సగం సమయం వేరే పనుల్లో పడి, చివర్లో అంకెలు మాత్రమే అడిగే అవకాశం ఉంది. గదిలోనే ఉంచితే ఆయనకు ఒక పని అప్పగించండి. ఉదాహరణకు, యూజర్ అన్న మాటలను ఉన్నవి ఉన్నట్టు రాయడం. రాస్తున్న మనిషికి నోరు జారడం తక్కువ. తనకు కలిగిన ప్రశ్నలను చీటీ మీద రాసి ఇస్తే, మీరు టాస్కులన్నీ ముగిశాక అడుగుతారు. ఏది ఏమైనా ఆయన్ను సెషన్లకు దూరం చేయవద్దు, ఎందుకంటే తరువాత ఏది బాగుచేయాలో నిర్ణయించేది ఆయనే. ప్రతి సెషన్ అయ్యాక పదిహేను నిమిషాల విరామం పెట్టుకుని ఇద్దరూ విడివిడిగా రాసుకున్నవి పోల్చుకోండి. మోర్టెన్ హెర్ట్‌జమ్, నీల్స్ యాకబ్‌సన్ 2001లో వేర్వేరు అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, ఏ ఇద్దరు పరిశీలకులైనా గుర్తించిన సమస్యల్లో ఉమ్మడిగా ఉన్నవి సగటున 5 నుంచి 65 శాతం వరకే అని తేలింది. ఇద్దరు మంచి పరిశీలకులు కూడా ఒకే సెషన్‌లో వేర్వేరు సంగతులు చూస్తారన్నమాట. "అది నీ అభిప్రాయం" అన్న మాట రాకుండా ఉండాలంటే ఆయన కళ్లు కూడా మీకు కావాలి. "పూర్తిచేశారు" అంటే ఏమిటో ఆయనతో సెషన్లకు ముందే కలిసి రాసుకుని ఉంటే, ఈ సోమవారం తగవు అసలు ఉండేదే కాదు.

చివరగా మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయం. ఆ మెనూ మీరు చేసినదే. ఏడు నిమిషాలపాటు ఒక మనిషి మీ పనిలో దారి దొరకక తిరుగుతుంటే చూడటం, ఇంకొకరి పనిలో తిరుగుతుంటే చూడటం ఒకటి కాదు. మీ నోట ఆ మాట పలికించినది ఆవిడ మీద జాలి ఒక్కటేనా, "చూశారా, అక్కడే ఉంది" అని చెప్పాలన్న తపన కూడా కొంత ఉందా అన్నది మీరొక్కరే చెప్పగలరు, చెప్పి తీరాలని కూడా నేననను. సొంత డిజైన్‌కు తానే మోడరేటర్‌గా కూర్చోవడం చిన్న బృందాల్లో తప్పని సంగతి. వీలుంటే మరో డిజైనర్‌తో మార్చుకోండి. వారి పనికి మీరు, మీ పనికి వారు. అలా చేస్తే మీ స్క్రీన్ గురించి మీకు మాత్రమే తోచే లోతైన ప్రశ్నలు కొన్ని తప్పిపోతాయి, వాటిని చీటీ మీద రాసి పంపవచ్చు. మార్చుకోవడం కుదరకపోతే మీరే కూర్చోండి, కానీ ఆ స్క్రీన్ మీదేనని యూజర్‌కు తెలియనివ్వకండి. తెలిస్తే మర్యాద కొద్దీ లోపాలు మింగేస్తారు. సాయం చేయాలనిపించినప్పుడల్లా ముందు నోట్స్‌లో సమయం రాసి, ఆ తరువాతే నోరు విప్పడం అలవాటు చేసుకోండి. ఆ రెండు క్షణాల ఆలస్యం చాలాసార్లు సరిపోతుంది. పూర్తిగా మానేయాలన్న దారి కూడా మీకుంది. అది తప్పేమీ కాదు. ఆరు సెషన్ల తరువాత ఇంత నిజాయితీగా తన లెక్కను తానే ప్రశ్నించుకునే మోడరేటర్‌ను మీ బృందం పోగొట్టుకుంటుందన్నదే నా బాధ.

సోమవారం సమావేశంలో పట్టికతోపాటు మూడో సెషన్‌లోని ఆ ఏడు నిమిషాల్లోంచి ఒక నిమిషం రికార్డింగ్ చూపించండి. ఆవిడ ముఖం అవసరం లేదు, స్క్రీన్, గొంతు చాలు. సమ్మతిపత్రంలో ఎవరెవరికి చూపవచ్చని రాసి ఉందో ముందు సరిచూసుకోండి. బృందం వరకే అని ఉంటే పైవాళ్లకు మాటలు కాగితం మీద రాసి చూపండి. ఐదో సెషన్ యువకుడు మళ్లీ సంప్రదించడానికి ఒప్పుకుని ఉంటే, ఈ వారంలో ఒకసారి ఫోన్ చేయండి. ఆ బటన్ నొక్కితే డబ్బు పోతుందా పోదా అన్నది అతనికింకా ఎవరూ చెప్పలేదు.